చైనాలో అల్లం గోడకుంటుందా?

కెప్టెన్ మావయ్యకి,

నీ మేనకోడలు గరిటమ్మ, వంటింటి స్టూలు మీద కూర్చుని, పళ్లెం బోర్లించి దాని మీద కాయితం పెట్టుకుని రాస్తున్న నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాళ్లు, నీ చెవులు, నీ గొప్పలు అన్నీ బాగున్నాయని తలుస్తాను.

ఫోను చేస్తే నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వే మాట్లాడతావు. అందుకని ఉత్తరం. పని పడింది.

నేను వంట చేసే వృద్ధాశ్రమంలో పదకొండో గదికి ఒక చైనా తాత వచ్చాడు. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాడట, మన భాష మనకంటే శుభ్రంగా మాట్లాడేవాడట. ఏ హోటల్లోనో వంటవాడై ఉంటాడని మేమందరం అనుకున్నాం. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పట్టు తప్పింది. అది సరే. దాంతోపాటు మన భాష మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. చిన్నప్పుడు అమ్మ దగ్గర నేర్చిన చైనా మాటలే మిగిలాయి, అవి కూడా నోట్లో నానుతూ వస్తాయి. అలా జరుగుతుందని డాక్టరు చెప్పాడు. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆస్పత్రివాళ్లు తెచ్చి దింపి వెళ్లిపోయారు.

ఆ మనిషి తినడం లేదు మావయ్యా. పళ్లెం పెడితే గోడవైపు తిరిగి పడుకుంటాడు. నర్సు బలవంతాన నాలుగు చెంచాల పాలు పోస్తే అదే ఆ రోజుకి భోజనం. మా మేనేజరమ్మ తెలివిగా ఫోనులో అనువాదం చేసే యంత్రం పెట్టి ఆయన నోటి దగ్గర పట్టింది. ఆయన ఏదో గొణిగాడు. ఆ ఫోను, మీకు కిటికీ పక్క సీటు కావాలా అని అడిగింది. మళ్లీ ఆయన నోరు విప్పితే ఒట్టు.

వచ్చే నెల ఇరవయ్యో తారీఖున పెద్ద డాక్టరు వస్తాడు. అప్పటికి తాత తనంతట తాను లేచి తినకపోతే, ముక్కులో గొట్టం వేసి ఉంచే పెద్దాస్పత్రికి పంపేస్తారు. ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రావడం నేను చూడలేదు. పదహారేళ్లుగా ఇక్కడ వండుతున్నాను. నా వంట ముట్టకుండా ఒక మనిషి అలా వెళ్లిపోతే నాకు మళ్లీ గరిటె పట్టబుద్ధి కాదు.

నువ్వు పన్నెండేళ్లు చైనా ఓడలో పెద్ద వంటవాడిగా చేశానని ప్రతి పెళ్లిలోనూ చెప్తావు కదా. నాకు ఆ భాష నేర్పు. పుస్తకాల చదువు నా బుర్రకి ఎక్కదు, వంట ఎక్కుతుంది. కాబట్టి వంటలతోనే నేర్పు. కాయితానికి ఎడమవైపు చైనా రాత, కుడివైపు అదే వంట మన భాషలో. వారానికో పాఠం చాలు.

ఎదురుచూస్తూ,
నీ గరిటమ్మ

తా.క.: ఇంట్లో కూడా చైనా వంటలు చేసి చెయ్యి అలవాటు చేసుకుంటానని మీ అల్లుడితో అన్నాను. సాయంత్రానికల్లా వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి చాలా రోజులైందని గుర్తొచ్చింది ఆయనకి.

*

చిరంజీవి గరిటమ్మకి,

ఏడు సముద్రాల ఉప్పు తిన్న మావయ్య ఇస్త్రీ కొట్టు పైనున్న తన గదిలోంచి దీవించి రాసేది. మోకాళ్లలో ఒకటి బాగుంది. చెవుల్లో ఒకటి బాగుంది. గొప్పలంటావా, ఉన్నమాట చెప్పుకోవడం గొప్ప కాదు.

సరైన మనిషినే అడిగావు. కానీ చైనా భాషంటే మాటలు కాదు. అక్షరాలు వేలల్లో ఉంటాయి. నాకు అన్నీ వచ్చుగానీ నీ స్థాయికి తగ్గించి రాయాలి కదా, అదీ కష్టం.

ఒక సంగతి ముందే చెప్తున్నాను. పలకడం ఎలాగో నేను రాయను. మన లిపిలో రాస్తే ఆ భాష ప్రాణం పోతుంది. అది నోటి నుంచి నోటికి అందాల్సిందే. కాబట్టి ఎడమవైపు రాత తాతకి చూపించు. ఆయన చదువుతాడు, నువ్వు వెనకే అను. కుడివైపు ఉన్నట్టు వండి పెట్టు. గొప్ప గురువులెవరూ ఇంతకంటే ఎక్కువ చెప్పరు.

ఇదిగో మొదటి పాఠం, అల్లం చారు. బొటనవేలంత అల్లం దంచి రెండు గ్లాసుల నీళ్లలో మరిగించు. ఒక గుడ్డు గిలకొట్టి సన్నటి ధారగా పొయ్యి. ఉప్పు నీ ఇష్టం. బాగా మరిగాక దించు. ఎడమవైపు ఉన్నదీ అక్షరాలా ఇదే.

ఆశీస్సులతో,
మావయ్య

తా.క.: అక్షరాలు కాస్త పక్కకి ఒరిగి ఉంటే కంగారుపడకు. ఓడలో రాసే అలవాటు.

మళ్లీ తా.క.: ఓడ దిగి ఇరవై రెండేళ్లయింది కదా అని అడగబోతావు. కొన్ని అలవాట్లు పోవు.

*

గురువుగారైన మావయ్యకి,

శిష్యురాలు ఆనందం పట్టలేక పొయ్యి మీద పాలు కూడా మర్చిపోయి రాస్తున్నది ఏమనగా, నీ పాఠం పనిచేసింది.

కాయితం చూపించానో లేదో, తాత దిండు కింద తడిమి కళ్లజోడు తీశాడు. ఆయనకి కళ్లజోడు ఉందనే మాకు తెలీదు. కాయితం దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చివరికి తల ఒక పక్కకి వంచి చదివాడు. ఆ ఫోను గొడవ తర్వాత మళ్లీ ఇప్పుడే ఆ గొంతు విన్నాం. నేను వెనకే అన్నాను. తప్పంటే చూపుడువేలు అడ్డంగా ఊపుతాడు, సరైతే కళ్లు మూసి తెరుస్తాడు. గంట కూర్చున్నాం. చివరి వరస నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

తర్వాత చారు పట్టుకెళ్లాను. చారు చూశాడు, కాయితం చూశాడు. కాయితం తిప్పి వెనక్కి చూశాడు. గిన్నె ఎత్తి కింద చూశాడు. ఏం వెతుకుతున్నాడో అర్థం కాలేదు. కానీ రెండు చెంచాలు తాగాడు మావయ్యా, తన చేత్తో, ఎడమచేత్తో. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను.

ఒక అనుమానం. ఏ మాట అల్లమో తెలుసుకుందామని అల్లం ముక్క పట్టుకెళ్లి, నీ కాయితంలో ఒక్కో మాట మీద వేలు పెట్టి చూపిస్తూ వచ్చాను. ప్రతిదానికీ తల అడ్డంగా ఊపి, ఒక మాట దగ్గర మాత్రం గట్టిగా గోడవైపు చూపించాడు. ఆ గోడకి స్విచ్చి బోర్డు, క్యాలెండరు తప్ప ఏమీ లేవు. చైనాలో అల్లం గోడకుంటుందా?

నీ
గరిటమ్మ

తా.క.: రోజూ పొద్దున్నే పలకరింపుగా ఆ చివరి వరస అప్పజెప్తున్నాను, అదే, "బాగా మరిగాక దించు" అని. అది వినగానే ఆయన రెండు చేతులూ దుప్పటికి తుడుచుకుని నాకు ఎత్తి చూపిస్తాడు. చైనా మర్యాద కాబోలని ఇప్పుడు ఆశ్రమంలో అందరం ఆయన గది ముందు నుంచి వెళ్తూ రెండు చేతులు ఎత్తి చూపిస్తున్నాం.

*

చిరంజీవి శిష్యురాలికి,

మావయ్య ఈసారి దీవెన కాస్త పెద్దది పంపుతున్నాడు, అందుకో.

నేనేం చెప్పాను? మీ అత్త బతికుంటే ఈ ఉత్తరం చదివి వినిపించేవాణ్ణి. జీవితమంతా నన్ను నమ్మలేదు ఆవిడ.

అల్లం గురించి అడిగావు. అడగాల్సిందే, అది నీ తెలివి. చైనాలో ఏ ఇంట్లో చూసినా అల్లం గోడకే వేలాడుతుంది. నేల మీద పెడితే దానికి కోపం వస్తుందని వాళ్ల నమ్మకం. నా కళ్లతో చూశాను. ఇక చేతులు ఎత్తి చూపించడం అంటావా, పెద్ద వంటవాళ్లకి మాత్రమే చేసే నమస్కారం అది. ఓడలో నాకు రోజూ చేసేవాళ్లు.

రెండో పాఠం, ఆవిరి గుడ్డు. రెండు గుడ్లు, వాటికి రెండింతల గోరువెచ్చని నీళ్లు, చిటికెడు ఉప్పు. గిన్నెలో పోసి మూత పెట్టి ఆవిరి మీద ఉడికించు. ఎడమవైపు రాత కాస్త పొడుగ్గా ఉంటుంది. గుడ్డు గురించి వాళ్లు చాలా చెప్తారు.

మావయ్య

తా.క.: వేరే చైనావాళ్లు ఎవరైనా తారసపడితే ఈ కాయితాలు చూపించకు. ఒక్కో ఇంటి వంట ఒక్కోలా ఉంటుంది. అనవసరంగా వాదన.

*

మావయ్యకి,

నమస్కారాలు రెండు చేతులూ ఎత్తి చూపించి మరీ.

నీ మాట విని పావుకిలో అల్లం దండ కట్టి తాత గది గోడకి, స్విచ్చి బోర్డు పక్కనే వేలాడదీశాను. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత అరచేత్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. చేయి తీస్తే నవ్వుతున్నాడు.

ఆ నవ్వుకి నా ప్రాణం లేచొచ్చింది. ఆవిరి గుడ్డు సగం తిన్నాడు. మాటలు కూడా పెరిగాయి నాకు. మంచిదైతే హావ్, కాకపోతే బు హావ్, నీళ్లు ష్వే. ఇవి మాత్రం నీ పాఠంలోవి కావు, నేను వస్తువులు చూపించి అడిగి తెలుసుకున్నవి. నీ పాఠాల్లో ఇంత చిన్న మాటలు ఎందుకు లేవో అడుగుదామనుకున్నాను. గురువుని అడక్కూడదంటారు గనక వదిలేశాను.

ఇప్పుడు అసలు విషయం. రెండో పాఠం చదివాక ఆయన పెన్సిలు అడిగి ఒక బొమ్మ గీశాడు. గుండ్రటి గిన్నె, దానికి మూత, వెనక పొడుగాటి తోక. తోక చివర మూడు గోళ్లు. నేను అర్థం కాలేదంటే ఆ మూడు గోళ్లకీ చుట్టూ సున్నా చుట్టి కాయితం నా చేతిలో పెట్టాడు. మా రెండో వంటావిడ, నేను, తోటమాలి కలిసి ఆలోచించాం. మూడు గోళ్లంటే కోడికాలే. గిన్నెలో కోడికాళ్లు కావాలంటున్నాడు. ముసలాయన తనంతట తాను అడిగిన మొదటి కోరిక కదా అని డజను కోడికాళ్లు తెప్పించి, శుభ్రం చేసి, మూడు గంటలు ఉడికించి పట్టుకెళ్లాను.

మూత తీసి చూశాడు. ఒక కోడికాలు చెంచాతో పైకి తీసి, తన బొమ్మ పక్కన పెట్టి, రెండింటినీ పోల్చి చూశాడు. అలా చూసి చూసి, బు హావ్ అని గోడవైపు తిరిగాడు. మళ్లీ ఆ రోజు ఏమీ ముట్టలేదు.

గిన్నెకి తోక ఉంటే అదేం వంట మావయ్యా? ఇంక మూడు వారాలే ఉంది. త్వరగా చెప్పు.

నీ
గరిటమ్మ

తా.క.: కోడికాళ్లు మేనేజరమ్మ తినేసింది. బాగున్నాయంది. ఆవిడ గురించి నాకు ఇంత మంచి వార్త ఎప్పుడూ దొరకలేదు.

*

గరిటమ్మకి,

మావయ్య రాసేది. ఈసారి దీవెనలు క్లుప్తంగా, చలికి వేళ్లు పట్టేశాయి.

తోక గిన్నె అంటే, అది వాళ్ల ఉత్తరదిక్కు గిన్నె అయి ఉంటుంది. తోక పట్టుకుని తిప్పుతారు. గోళ్లు అందం కోసం. నేను దక్షిణదిక్కు ఓడలో చేశాను కాబట్టి దాని గురించి ఎక్కువ రాయలేను.

నువ్వు తొందరపడుతున్నావు. భాష తొందరపడితే రాదు. ఇదిగో మూడో పాఠం, ఆకుకూర గంజి. గుప్పెడు బియ్యం, ఎనిమిది గ్లాసుల నీళ్లు, మెత్తగా ఉడికాక సన్నగా తరిగిన ఆకుకూర. జబ్బుమనిషికి దీన్ని మించినది లేదు. ఇది మాత్రం నేను నిజంగా చేశాను, మీ అత్తకి, చివరి రోజుల్లో. తినేది.

మావయ్య

తా.క.: ఇంతకీ ఆయన నవ్వాడన్నావు కదా. ఎలాంటి నవ్వు? వివరంగా రాయి.

*

మావయ్యా,

నమస్కారాలు తర్వాత పెడతాను. ముందు ఇది చదువు.

మూడో పాఠం నిన్న అందింది. తాతకి చూపించాను. చదువుతూ చదువుతూ ఒక వరస దగ్గర ఆగిపోయాడు. ఆ వరస మీద వేలు పెట్టి, గాలిలో గిన్నె ఉన్నట్టు తాకి, చెయ్యి జివ్వుమన్నట్టు వెనక్కి లాక్కుని నా మొహంలోకి చూశాడు. అలా మూడుసార్లు చేశాడు. నాకు చప్పున వెలిగింది. మా వంటింట్లో పెద్ద కరెంటు కుక్కరు అచ్చం అలాగే జివ్వుమంటుంది. కొత్తేం కాదు, ఏడాదిగా ఉన్నదే, చెప్పులేసుకుని ముట్టుకుంటాం. భలే, నీకెలా తెలుసు తాతా, మా కుక్కరు కూడా ఇంతేనని వంటింటివైపు చూపించి, తల ఊపి, నేనూ చెయ్యి వెనక్కి లాక్కుని చూపించాను.

అంతే. ఇక్కడికి వచ్చినప్పట్నుంచీ మంచం దిగని మనిషి దిగాడు. గోడ పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా, నేను వద్దంటున్నా వినకుండా వరండా దాటి వంటింట్లోకి వచ్చాడు. అప్పుడే ముప్ఫై నాలుగు మందికి బియ్యం వేసి స్విచ్చి వేశాం. ఆయన నేరుగా వెళ్లి ప్లగ్గు పీకేశాడు. కత్తి చూపించి తిప్పుతున్నట్టు చేశాడు. నేనేం చేస్తున్నానో తెలియకుండానే తోటమాలి స్క్రూడ్రైవరు తెచ్చి ఇచ్చాను. సగం ఉడికిన అన్నం పక్కకి దింపించి, కుక్కరు బోర్లించి, ఎడమచేత్తో అడుగు రేకు విప్పేశాడు. మరలు నా కొంగులో వేస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే మేనేజరమ్మ వచ్చింది. ఆవిడ గొంతు వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. తాతకి మతి పోయిందని, ఇరవయ్యో తారీఖు దాకా ఆగేది లేదని, ఈ శుక్రవారమే పెద్ద డాక్టర్ని రప్పించి పంపించేస్తానని అంది. స్క్రూడ్రైవరు అందించినందుకు నాకూ పని ఉండదేమో. తాతని ఇద్దరు పట్టుకుని గదిలో పడుకోబెట్టారు. ఆయన ఒకటే మాట అరుస్తున్నాడు, నాకది అర్థం కాలేదు.

నీ మూడో పాఠంలో ఏం రాశావు మావయ్యా? ఆకుకూర గంజికి కుక్కరు ఎందుకు విప్పాలి? నిజం చెప్పు. నేను తమాషాకి అడగడం లేదు. ఆయన ఉంటాడో పోతాడో ఈ వారంలో తేలిపోతుంది.

గరిటమ్మ

తా.క.: మరలు పదకొండూ ఇంకా నా కొంగుకే కట్టి ఉన్నాయి. మేనేజరమ్మ అడిగితే నాకేం తెలుసన్నాను.

*

అమ్మా గరిటమ్మా,

కెప్టెనూ కాదు, గురువూ కాదు, ఉత్త మావయ్య తల వంచుకుని రాసేది. ఇది అర్జంటు పోస్టులో వేస్తున్నాను.

నేను చైనా ఓడలో పన్నెండేళ్లు ఉన్నమాట నిజం. వంటింట్లో కాదు. ఓడ ఒంటికి పట్టిన తుప్పు గీకి రంగు వేసేవాణ్ణి. ఆ గీకుడు చప్పుడుకే చెవి పోయింది. వంటింటి వాసన మాత్రం రోజూ వచ్చేది. నాకు చైనా భాషలో వచ్చినవి రెండు మాటలు, రెండూ ఆడపిల్లకి నేర్పేవి కావు.

నువ్వు అడిగినప్పుడు లేదు, రాదు అని రాయాల్సింది. రాయలేకపోయాను. నా మాట నమ్మి ఒక మనిషి ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. నా గదిలో ఉన్న చైనా రాత ఒక్కటే, ఓడ దిగేటప్పుడు కొన్న రైస్ కుక్కరు పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం. దాన్ని చూసి ఎడమవైపు దించాను. కుడివైపువి మీ అత్త వంటలు.

నీ ఉత్తరం చదివాక ఆ పుస్తకం పట్టుకుని మా వీధిలో కళ్లజోళ్లు అమ్మే చైనా ఆవిడ దగ్గరికి పరిగెత్తాను, ఒక మోకాలితోనే. జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆవిడ నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, కొట్టు తలుపు మూసి, వరస వరసకీ అర్థం చెప్పింది. మొత్తం పుస్తకం అర్థంతో సహా ఇందులో పెట్టాను. నువ్వు రోజూ పొద్దున్నే ఆయనకి చెప్పే వరస, తడిచేతులతో ముట్టుకోవద్దు అని. అందుకే పాపం చేతులు తుడిచి చూపిస్తున్నాడు. గోడకి ఉండేది అల్లం కాదు, ప్లగ్గు పెట్టే చోటు. తోక గిన్నె కుక్కరే. మూడు గోళ్లు ప్లగ్గు. మూడో పాఠంలో ఆయన ఆగిపోయిన వరస ఇది: ఒంటికి తాకితే జివ్వుమంటే వెంటనే ఆపండి, ఎర్త్ తీగ చూడండి, ప్రాణాపాయం.

అమ్మాయీ, ఆయనకి మతి పోలేదు. ఆ కుక్కరు ఎవ్వరూ ముట్టుకోకండి. ముందు ఆ మాట మీ మేనేజరమ్మకి చెప్పు. నన్ను తిట్టడం తర్వాత తీరిగ్గా తిట్టుకో. నా అబద్ధం వల్ల ఆయన వెళ్లిపోతే నాకు ఈ మిగిలిన చెవి కూడా ఎందుకు?

మావయ్య

తా.క.: ఆ రెండు మాటలు కళ్లజోళ్లావిడ దగ్గర పొరపాటున అనేశాను. మర్యాదగా నమస్కారం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడు ఆ కొట్టు ముందు నుంచి వెళ్లాలంటే వీధి చుట్టి రావాలి.

*

మావయ్యకి,

గరిటమ్మ కడుపునిండా తిట్టుకున్నాక, కడుపునిండా అన్నం తిన్నాక రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అంతా క్షేమం. ఈ మాట ఈసారి ఊరికే రాయడం లేదు.

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. చదివి వంటింట్లో గోడకి చేరగిలబడిపోయాను. నీ మీద వచ్చిన కోపానికి ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. మూడూ అయ్యాక పుస్తకం పట్టుకుని తాత దగ్గరికి వెళ్లాను. వేలు ప్లగ్గు బొమ్మ మీద పెట్టి, గోడనున్న అల్లం దండ చూపించి, నా తల మీద నేనే మొట్టుకున్నాను. ఆయనకి అర్థమైంది. ఇద్దరం దగ్గొచ్చేదాకా నవ్వాం. ఆ రోజూ మర్నాడూ ఆయన చదువుతుంటే వెనకే అంటూ పుస్తకమంతా నేర్చుకున్నాను.

మేనేజరమ్మకి కరెంటు పనివాణ్ణి పిలిపించమని చెప్పాను. మా మాట నమ్మకపోయినా అతని మాట నమ్ముతారుగా అన్నాను. అతను వచ్చి కుక్కరు లోపల చూసి, ఎర్త్ తీగ ఊడిపోయి ఏడాదై ఉంటుందని, ఇంకో తీగ పైతొడుగు కాలి రేకుకి ఆనుతోందని, ఇన్నాళ్లు ఎవరూ పోకపోవడం మీ అదృష్టమని చెప్పాడు. మేనేజరమ్మ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయింది. తర్వాత తనే వెళ్లి తాతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తీగలు కలిపింది తాతే. కరెంటు పనివాడు టార్చి పట్టుకుని నిలబడ్డాడు. నేను కొంగు విప్పి ఒక్కో మర అందించాను.

అన్నం పెట్టాం. స్విచ్చి టక్కుమనే దాకా తాత దాని పక్కనే కూర్చున్నాడు. ఒట్టిచేత్తో కుక్కరు తాకి చూసి, హావ్ అన్నాడు. నేను వడ్డించబోతే గరిటె నా చేతిలోంచి తీసుకుని తనే పెట్టుకున్నాడు. ఒట్టి అన్నం, కాస్త ఉప్పు, ఒక గుడ్డు. గిన్నె ఖాళీ చేశాడు. నేను ఇన్ని వంటలు మార్చి మార్చి చేశానే, ఆ మనిషికి కావాల్సింది వంట కాదు మావయ్యా. చేతికి పని.

శుక్రవారం పెద్ద డాక్టరు వచ్చాడు. మేనేజరమ్మ జరిగింది చెప్పింది, ఈసారి మెల్లిగా. ఆయన ఆస్పత్రి కాయితాలు తిరగేస్తూ ఒక వరస పైకి చదివాడు. వృత్తి: కరెంటు సామాన్ల మరమ్మతు, నలభై ఏళ్లు, సొంత కొట్టు. ఆయన వచ్చినప్పట్నుంచీ ఆ కాయితం మా బీరువాలోనే ఉంది. చైనా మనిషి అనగానే వంటవాడే అయి ఉంటాడనుకుని ఒక్కరం కూడా తెరవలేదు. నాకు సిగ్గేసింది. నువ్వొక్కడివే అబద్ధం ఆడావు, మేమందరం ఒక అబద్ధాన్ని నిజమనుకుని కూర్చున్నాం.

డాక్టరు అంతటితో వదల్లేదు. ఒక పూట తింటే చాలదని, పెద్దాస్పత్రిలో బాగా చూసుకుంటారని, ఏదైనా మనిషి తన నోటితో తను చెప్పాలని అన్నాడు. నావైపు తిరిగి, నువ్వే అడుగమ్మా, ఇక్కడ ఉంటాడో అక్కడికి వస్తాడో అన్నాడు.

నాకు వచ్చింది కుక్కరు పుస్తకం. అందులో ఉండటం, వెళ్లడం అనే మాటలెక్కడివి? అప్పుడు నాలుగో పేజీ గుర్తొచ్చింది, కుక్కరు ఎక్కడ పెట్టాలో చెప్పే పేజీ. తాత ఎదురుగా నిలబడి, ఆయన గుండె మీద చెయ్యి పెట్టి, ఆ పేజీ పైన పెద్దక్షరాల్లో ఉన్న మాట అన్నాను. "ఎక్కడ పెట్టాలి?"

తాత నావైపు చూశాడు. డాక్టరు సంచీ వైపు, బయట ఆగి ఉన్న బండి వైపు చూశాడు. అంతా అర్థమైందని నాకు తెలిసింది. ఆయన వంటింటి బల్ల అంచు పట్టుకుని నిటారుగా నిలబడి, నాకు అర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి, అదే పేజీలోని చివరి వరస చెప్పాడు.

డాక్టరు ఏమన్నాడని అడిగాడు. నేనూ ఆ బల్ల అంచే పట్టుకుని చెప్పాను.

"వాడుకలో ఉండగా చోటు మార్చకూడదంటున్నాడు."

డాక్టరు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. బండి ఖాళీగా వెళ్లింది.

నీ మీద కోపం లేదు మావయ్యా. నువ్వు నిజం వంటవాడివై నిజం పాఠాలు రాసి ఉంటే ఆ తాత ఈపాటికి ఇక్కడ ఉండేవాడు కాదు. అలాగని ఇంకెప్పుడూ ఆడకు. ఒకసారి వచ్చి నాలుగు రోజులుండు. అత్త గంజి ఎలా చేసేదో నీ చేత్తో చేసి చూపించు.

ప్రేమతో,
నీ గరిటమ్మ

తా.క.: నీ మూడు పాఠాలూ తాత ఎర్ర పెన్సిలుతో దిద్ది మార్కులు వేశాడు. వందకి ముప్ఫై ఒకటి. పద్ధెనిమిది అక్షరాలు తలకిందులుగా ఉన్నాయట. ఆ కాయితాలు ఇందులో పెట్టాను, ఒక్కోటి పదిసార్లు రాసి పంపాలి.

మళ్లీ తా.క.: పాడైపోయిన మిక్సీ, ఇస్త్రీపెట్టె, రెండు ఫ్యాన్లు పదకొండో గది ముందు వరసలో ఉన్నాయి. మేనేజరమ్మ తన రేడియో తెచ్చింది. నేను మాత్రం ఆకలేస్తోందా, బెంగగా ఉందా అని ఆయన్ని ఆయన భాషలో అడగడం నేర్చుకోవాలి. అవి ఏ సామాను పుస్తకంలో ఉంటాయో నాకు తెలీదు. వీధి చుట్టి వెళ్లకుండా నేరుగా ఆ కళ్లజోళ్లావిడ కొట్టుకే వెళ్లి, చేతులు రెండూ ఎత్తి చూపించి, అడిగి రాయి.